మొండివేలి బేసు

హైరోడ్డులో మునస్వామన్న కొట్టుకు పోతే
గోడకు మూడు బేసు గిటార్లు వేలాడతా ఉన్నాయి.
"ఇది అయిదు తీగలది, కల్యాణం పార్టీలకు.
ఇది మెట్లు లేనిది, చెవి నిక్కచ్చిగా ఉంటేనే ముట్టుకో.
ఇదిగో, ఇది నాలుగు తీగలది. పాతది.
వేలూరాయన ఎవరో అప్పు కింద వదిలేసి పోయినాడు.
తీగలు చచ్చిపోయినాయి, కొత్తవి ఏసిస్తా."

చెప్తా చెప్తా నా కుడిచెయ్యి చూసినాడు.
చూసి, చూడనట్టు
గుడ్డతో గిటారు మెడ తుడిచినాడు.

చూపుడువేలు సగమే.
మిగతా సగం గుజ్జు ఫ్యాక్టరీలో,
తోతాపురి సీజను, రాత్రి షిఫ్టు,
బెల్టు కింద పోయింది.
ఆ పొద్దు డబ్బాలకెత్తిన రసమంతా పారబోసినారంట.
నేను చూళ్ళేదు.

అయిదు తీగలదాన్ని ఒళ్ళో పెట్టుకున్నా.
అడుగు తీగ మీటితే
గల్లాపెట్టెలో చిల్లర వణికింది.
అంత లోతు బావి నాకెందుకు?
నా చేంతాడు నాలుగు బారలే.

మెట్లు లేనిదాని మీద వేలు పెడితే
ఎక్కడ ఆగాలని అదే నన్నడిగింది.
వానలో ఘాటురోడ్డు దిగే బస్సు మాదిరి
ఒకటే జారుడు.
ఎంత అందంగా జారిందో!
కీర్తన నడిమధ్యలో అట్ల జారితే
నన్నెవరు పట్టుకుంటారు?

మిగిలింది నాలుగు తీగల ముసలిది.

రెండు వేళ్ళూ ఒకదాని వెనక ఒకటి నడవాలంట తీగ మీద,
మనిషి నడిచినట్టు.
నడిపించినా.
మధ్యవేలు అడుగేస్తే చూపుడువేలు కుంటింది.
డుం... డు. డుం... డు.
కొట్లో ఎవురూ నవ్వలేదు. నేనే నవ్వినా.

ప్లాస్టిక్ బిళ్ళతో గీకి చూసినా.
రేకుల మీద గులకరాయి పడ్డట్టుంది.

అన్న కొడుకు యుగంధరు
"ఇట్లక్కా" అని బొటనవేలితో తీగను చరిచి
ఇంకో వేలితో లాగి వదిలినాడు.
చట్టిలో ఆవాలు చిట్లినట్టు చటచటా!
అబ్బ, బలే ఉంది.
బలే ఉంది గానీ నాయనా,
ఈ తాళింపు మా కూరకు సరిపోదు.

అప్పుడు,
ఎవురూ చెప్పకుండానే,
అరచెయ్యి అంచు తీగల మీద వాల్చి
బొటనవేలి మెత్తతో నొక్కి వదిలినా.
పదకొండేండ్లు
కాయ మాగిందా లేదా అని చూసిన వత్తుడే అది.
ఈ వేలికి అదొక్కటే చదువు.
డుమ్మని పుట్టి
దుప్పటి కప్పుకుని పడుకుంది శబ్దం.

"కొత్త తీగలు..." అన్నాడన్న.
వద్దన్నా. ఇవి చావలేదు,
అరవడం మానేసినాయి, అంతే.

వేలికని ఫ్యాక్టరీ వాళ్ళిచ్చిన దాంట్లో
మిగిలిన ఆరువేలు బల్ల మీద పెట్టినా.
అన్న ఎంచుకోలేదు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం
గిరింపేట చర్చిలో డ్రమ్ముల పక్కన నిలబడతా.
కీబోర్డు ఎలీషా అంటాడు:
"నువ్వుండేది తెలీనే తెలీదక్కా."
పొగిడినాడో తిట్టినాడో
మూడు నెలలైనా తేల్చుకోలేదు నేను.

ఒకరికి మాత్రం తెలుసు.
తూరుపు పక్క మూడో కిటికీకి.
లావు తీగ, మూడో మెట్టు
నొక్కినప్పుడల్లా ఆ అద్దం జిర్రుమంటుంది.
ఇంకే స్వరానికీ పలకదు,
అయ్యగారి ప్రసంగానికి కూడా.

ప్రార్థనకు అడ్డమని
అయ్యగారు ఆ సందులో కాగితం మడిచి దోపించినారు.
సరేనన్నా.

అందరికన్నా ముందు పోతా నేను,
తీగలు సరిచేసుకోవాలని చెప్పి.
తలుపు తీసి, చెప్పులు విడిచి,
మొదట ఆ కాగితం లాగి
జాకెట్టులో పెట్టుకుంటా.